డెడ్‌లాక్ వస్తే రీట్రై పెట్టాలా, లాకుల వరస మార్చాలా?

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో రోజంతా సాఫీగా నడిచే ట్రాన్సాక్షన్ (అన్నీ కలిపి జరగాల్సిన, లేదా ఏదీ జరగకూడని మార్పుల కట్ట), రద్దీ పెరిగాక అప్పుడప్పుడు 1213 ఎర్రర్‌తో, అంటే డెడ్‌లాక్‌తో, పడిపోతుంది. ఖాతాల మధ్య డబ్బు పంపే రెండు ట్రాన్సాక్షన్లనుకోండి: ఒకటి 7వ ఖాతాకి లాక్ వేసి (వేరేవాళ్లు మార్చకుండా పట్టుకుని) 12 కోసం చూస్తుంటుంది, ఇంకొకటి 12 పట్టుకుని 7 కోసం. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే ఇంజిన్ ఇన్నోడీబీ ఆ ముడిని పసిగట్టి, ఒకదాన్ని బలిచ్చి, ఆ ట్రాన్సాక్షన్ మొత్తాన్నీ రోల్‌బ్యాక్ చేస్తుంది, అంటే చేసిన మార్పులన్నీ వెనక్కి తీసేస్తుంది.

రీట్రై, అంటే పడిపోయినదాన్ని మళ్లీ నడపడం, అయితే సాయంత్రానికల్లా పెట్టేయొచ్చు. కానీ చాలామంది ఆగిన అప్‌డేట్ ఒక్కదాన్నే మళ్లీ నడుపుతారు. అంతకుముందు ఒక ఖాతాలోంచి తీసిన డబ్బు రోల్‌బ్యాక్‌లో తిరిగొచ్చేసింది కదా! ఇప్పుడు రెండో ఖాతాలో మాత్రం జమ పడుతుంది. ట్రాన్సాక్షన్‌ని తెరిచే బిగిన్ నుంచి మొదలుపెట్టాల్సిందే. మధ్యలో ఎస్సెమ్మెస్ పంపే కోడ్ ఉంటే కమిట్ (మార్పులు ఖాయం చేసే ఆదేశం) తర్వాతకి జరపండి, లేకపోతే కస్టమర్‌కి రెండుసార్లు వెళ్తుంది.

లాక్ కోసం చూసే గడువు తీరితే వచ్చే 1205 ఎర్రర్ సంగతి వేరు. లాక్ కోసం మామూలుగా 50 సెకన్లు చూసి ఆ స్టేట్‌మెంట్ ఒక్కటే రద్దవుతుంది, ట్రాన్సాక్షన్ తెరిచే ఉంటుంది. రోల్‌బ్యాక్ మనమే చెప్పాలి.

వరస మార్చడమంటే, ఎవరు ఎవరికి పంపినా చిన్న నంబరు ఖాతాకే ముందు లాక్ వేయడం. అప్పుడు ఇద్దరూ 7 దగ్గరే క్యూ కడతారు, ముడే పడదు. చిక్కల్లా, ఆ టేబుల్‌ని తాకే ప్రతి చోటా ఇదే పాటించాలి. రాత్రి నడిచే బ్యాచ్ జాబ్‌ని ఎవరూ గుర్తుపెట్టుకోరు! పైగా ఇండెక్స్ (కావాల్సిన రికార్డును నేరుగా వెతికిచ్చే సూచిక) లేని అప్‌డేట్ అవసరం లేని రికార్డులన్నిటికీ లాక్ వేస్తుంది, అక్కడ ఈ జాగ్రత్తంతా వృథా.

నేనైతే రీట్రై ముందు పెడతాను. లాగ్‌లో అదే జంట క్వెరీలు రోజూ కనిపిస్తుంటే అప్పుడు వరస జోలికి వెళ్తాను.