వారం వారం క్లాసా, వీకెండ్ బ్లాస్టా? స్క్వేర్ డ్యాన్స్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఏది మేలు?

స్క్వేర్ డ్యాన్స్ అంటే నాలుగు జంటలు చదరంగా నిలబడి, కాలర్ అప్పటికప్పుడు పిలిచే ‘కాల్స్’ ప్రకారం కదిలే నాట్యం. అమెరికాలో ఉంటూ దాన్ని నేర్చుకోవాలనుకునేవాళ్లకు క్లబ్బుల్లో ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి వారానికో సాయంత్రం, 2 గంటల చొప్పున, సుమారు 12 వారాలు సాగే క్లాసు. రెండోది శని, ఆదివారాల్లో పొద్దుట మొదలుపెట్టి సాయంత్రం దాకా నేర్పేసే ‘బ్లాస్ట్’. కాలర్ల సంఘం కాలర్‌ల్యాబ్ కొత్తవాళ్ల కోసం పెట్టిన సోషల్ స్క్వేర్ డ్యాన్సింగ్ జాబితానే తీసుకుంటే, రెండు దారుల్లోనూ నేర్చుకోవాల్సింది దాదాపు 50 కాల్స్.

తేడా ఎక్కడంటే, కాల్ చెవిన పడ్డాక కాలు కదలడానికి పట్టే సమయంలో. కోలాటంలో పాటతో పాటు కోపు కూడా ముందే సాధన చేసి ఉంటాం. ఇక్కడ తర్వాత ఏం రాబోతోందో ఎనిమిది మందిలో ఎవరికీ తెలియదు. నిమిషానికి 120 నుంచి 128 బీట్లు, బీటుకో అడుగు. ‘ఇదేమిటబ్బా’ అని ఆలోచించేలోపు నాలుగు అడుగులు దాటిపోతాయి.

స్క్వేర్ త్రూ ఫోర్ అనే కాల్ చూడండి. ఎదుటివాళ్లకు కుడి చెయ్యి ఇచ్చి దాటాలి, పావు వంతు పక్కనున్నవాళ్ల వైపు తిరగాలి. ఎడమ చెయ్యి ఇచ్చి దాటి మళ్లీ పావు, కుడి చెయ్యి ఇచ్చి దాటి మళ్లీ పావు. నాలుగోది ఎడమ చెయ్యి: దాటి, తిరగకుండా నేరుగా ఆగాలి. చేతులు నాలుగు, మలుపులు మూడే. మూడుసార్లు తిరిగిన ఒళ్లు అలవాటుగా నాలుగోసారీ తిరిగేస్తుంది, కొత్తవాళ్లు పొరపాటు పడేది సరిగ్గా అక్కడే. హెడ్స్ (కాలర్ వైపు ఉన్న జంట, దాని ఎదుటి జంట) చేశాక ఎదురుగా ఉండాల్సింది కార్నర్, అంటే మొదట జోడీకి అవతలి పక్కన నిలబడ్డ మనిషి. ఆ మనిషికి బదులు పక్కనున్న మనిషి ఎదురుగా కనిపిస్తే ఒక మలుపు ఎక్కువైందన్నమాట.

వారం క్లాసులో ఒక సాయంత్రానికి నాలుగైదు కాల్సే వస్తాయి. స్క్వేర్ త్రూను ఒక వారం, స్వింగ్ త్రూను మరో వారం నేర్పితే రెండూ వేర్వేరుగా ఒంటికి పడతాయి. బ్లాస్ట్‌లో పాస్ త్రూ, స్టార్ త్రూ, స్క్వేర్ త్రూ, స్వింగ్ త్రూ నాలుగూ ఒకే రోజు మీద పడొచ్చు. భోజనాలయ్యాక ‘త్రూ’ ఒక్కటే వినిపిస్తుంది, ముందు మాట చెవిని దాటిపోతుంది. అలసిన చేతులు అలమాండ్ లెఫ్ట్‌లో (కార్నర్‌తో ఎడమ ముంజేతులు కలిపి తిరిగే కాల్) ముంజేతిని గట్టిగా పట్టేస్తాయి. అక్కడ వేళ్లు ముంజేతి లోపలివైపు ఆనితే చాలు. పిండితే అవతలివాళ్లు సకాలంలో విడిపించుకోలేక తర్వాతి చేతికి ఆలస్యంగా అందుతారు.

అలాగని వారం క్లాసుకు లోపం లేదని కాదు. వరసగా రెండు వారాలు మానేస్తే పది దాకా కాల్స్ పోతాయి. పైగా ఏడుగురితో స్క్వేర్ కట్టలేం. మీరొక్కరు రాకపోతే, సాయంగా వచ్చే పాత డ్యాన్సర్లలో (వాళ్లను ఏంజెల్స్ అంటారు) ఎవరో ఒకరు ఆ చోట నిలబడాలి. షిఫ్టుల్లో, ఆన్-కాల్‌లో ఉండేవాళ్లకు బ్లాస్టే ఆచరణలో కుదురుతుంది.

మా సలహా: 12 సాయంత్రాల్లో పది ఖాయంగా ఇవ్వగలిగితే వారం క్లాసులోనే చేరండి. బ్లాస్ట్ ఎంచుకుంటే మాత్రం ఆ వారంలోనే, కనీసం తర్వాతి వారంలో, కొత్తవాళ్లకు డ్యాన్స్ ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి. లేకపోతే నేర్చుకున్నదంతా నెల తిరిగేలోపు కరిగిపోతుంది. మధ్య రోజుల్లో, కాల్స్‌ను బొమ్మల కదలికలతో చూపించే టామినేషన్స్ వెబ్‌సైట్ యానిమేషన్లలో ఒక్క మనిషినే ఎంచుకుని, ఆ దారి వెంటే చూపు నడపండి. ఎనిమిది మందినీ ఒకేసారి చూస్తే ఏదీ గుర్తుండదు.

ఏ క్లాసుకైనా నున్నటి అడుగున్న బూట్లు వేసుకోండి. రబ్బరు సోల్ నేలను పట్టేసుకుంటే స్వింగ్‌లో (జోడీతో కలిసి గిరగిరా తిరిగేటప్పుడు) మోకాలు మెలిపడుతుంది. స్క్వేర్ చెదిరితే వెతుక్కుంటూ తిరగొద్దు. మీరు మొదట నిలబడ్డ చోటుకు వచ్చి, ఎదురెదురుగా నలుగురేసి వరుసలు కట్టి నిలబడండి. మిగతా స్క్వేర్లు వరుసల్లోకి రాగానే కాలర్ మిమ్మల్నీ కలుపుకుంటాడు.