స్పెర్మ్ తిమింగలం తిండి లెక్క: కడుపులో దొరికే ముక్కులా, మలంలో డీఎన్‌ఏనా?

స్పెర్మ్ తిమింగలం ఎక్కువగా తినేది స్క్విడ్లనే, అంటే ఆక్టోపస్‌లాంటి మెత్తటి సముద్ర జీవుల్ని. హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్లో స్క్విడ్ కనిపిస్తే, దాని చేతులన్నీ కలిసే చోట వేలితో గట్టిగా నొక్కి చూడండి. చిలక ముక్కులాంటి నల్లటి ముక్కు బయటికొస్తుంది. కైటిన్‌తో (పురుగుల పెంకుల్లో ఉండే గట్టి పదార్థం) గట్టిపడిన ఆ ముక్కు తిమింగలం కడుపులో ఓ పట్టాన అరగదు. మాంసమంతా కరిగిపోయాక మిగిలే సాక్ష్యం అదే. ఒక్క తిమింగలం పొట్టలోనే వేల కొద్దీ దొరుకుతుంటాయి.

కింది ముక్కు ఆకారం చూస్తే స్క్విడ్ ఏ రకమో తెలుస్తుంది. కొన దగ్గర కొలిస్తే దాని పొడవు, బరువు అంచనా కట్టొచ్చు. ఈ పద్ధతికి గట్టి పునాది వేసింది బ్రిటన్ శాస్త్రవేత్త మాల్కమ్ క్లార్క్. అసలు అన్నిటికంటే బరువైన కొలోసల్ స్క్విడ్ సంగతి 1925లో లోకానికి తెలిసిందే ఓ స్పెర్మ్ తిమింగలం కడుపులో దొరికిన చేతుల ముక్కల వల్ల!

మన అత్తాపూర్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వారి వన్యప్రాణి పరిశోధనశాల లాకోన్స్ ఉంది. చిన్న మాంసం ముక్క ఇస్తే చాలు, డీఎన్‌ఏ చూసి అది ఏ జంతువుదో తేల్చేస్తారు. అందుకే ఈ ఊళ్లో చాలామంది ఓటు డీఎన్‌ఏకే పడుతుంది. తిమింగలం చావనక్కర్లేదు, నీటిమీద తేలే మలాన్ని సేకరిస్తే సరిపోతుంది. కాకపోతే ఈమధ్య తిన్నదే అందులో తెలుస్తుంది. పోల్చి చూసుకోవడానికి ఆ స్క్విడ్ డీఎన్‌ఏ వివరాలు ముందే మన దగ్గర ఉండాలి. ఇక అది పిల్లదా, పెద్దదా అన్నది దీంతో తేలదు.

ముక్కులతోనూ చిక్కులున్నాయి. తిమింగలం అప్పుడప్పుడు వాటిని కక్కేస్తుంది కాబట్టి అవి ఎన్నాళ్ల తిండికి లెక్కో తేల్చలేం. అది మింగిన స్క్విడ్ పొట్టలోని చిన్న స్క్విడ్ల ముక్కులూ లెక్కలో కలిసిపోతాయి. చేపల వాటా తక్కువగా కనిపిస్తుంది. పైగా ఒడ్డుకు కొట్టుకొచ్చే తిమింగలాల్లో జబ్బుపడ్డవీ ఉంటాయి, వాటి కడుపు ఖాళీగానూ ఉండొచ్చు.

అయినా ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు ముక్కులకే. ఏం తిన్నదో మాత్రమే కాదు, ఎంత పెద్దది తిన్నదో కూడా చెప్పేవి అవే. అదే ముక్కులో నైట్రోజన్ ఐసోటోపులు (నైట్రోజన్‌లోనే బరువు వేరైన రకాలు) పరీక్షిస్తే, ఆ స్క్విడ్ ఆహార గొలుసులో ఏ మెట్టు మీద బతికిందో కూడా తెలుస్తుంది. లోతు సముద్రంలో మన వలలకు అంతగా చిక్కని జీవుల గురించి ఇంత సమాచారం ఇంకెక్కడ దొరుకుతుంది? ఈ సీజన్‌లో ఏం తింటోంది అన్నదే ప్రశ్నయితే మాత్రం డీఎన్‌ఏ మేలు.

మన తీరానికి చచ్చిన స్పెర్మ్ తిమింగలం కొట్టుకొస్తే, పాతిపెట్టేలోగా నిపుణుల చేత కడుపులోని సరుకును జల్లెడ పట్టించాలి. ముక్కుల్ని ఎండబెట్టకూడదు, ఆల్కహాల్‌లో వేసి ఉంచాలి. ఎండితే అవి వంకరపోయి కొలతలు తప్పుతాయి.