తవ్వకముందే కొనాలా, దొరికాక కొనాలా? జూనియర్ మైనింగ్ షేర్లలో ఏది మేలు?

జూనియర్ మైనింగ్ షేర్ల గురించి, అంటే ఖనిజాలు వెతుకుతూ ఇంకా గని నడపని చిన్న కంపెనీల షేర్ల గురించి, అడిగేవాళ్ళు ఎక్కువగా "ఏ కంపెనీ కొనాలి?" అనే మొదలుపెడతారు. నన్నడిగితే అంతకుముందే తేల్చుకోవాల్సింది ఏ దశలో కొనాలి అన్నది. డ్రిల్లు ఇంకా నేలలో దిగని కంపెనీనీ జూనియరే అంటారు, నిక్షేపం ఉందని తేలిపోయి గని కట్టడానికి డబ్బు కోసం తిరుగుతున్న కంపెనీనీ జూనియరే అంటారు. కానీ మన డబ్బు పోయే దారులు రెండింట్లోనూ పూర్తిగా వేరు.

ముందు మొదటి రకం చూద్దాం. ఆదాయం సున్నా. ఉండేదల్లా కొంత భూమి మీద అన్వేషణ హక్కు, కొందరు జియాలజిస్టులు, బ్యాంకులో ఓ ఏడాదికి సరిపడా డబ్బు. అయినా జనం ఎందుకు ఎగబడతారంటే వాయిసీస్ బే లాంటి కథల వల్ల. కెనడాలోని లాబ్రడార్‌లో 1993లో వజ్రాల కోసం తిరుగుతున్న ఇద్దరు ప్రాస్పెక్టర్ల (ఖనిజాలు వెతికేవాళ్ళ) కంట నికెల్ ఉన్న రాయి పడింది, 1996లో ఆ నిక్షేపం కోసం పెద్ద నికెల్ కంపెనీ ఇన్కో పెట్టిన ధర దాదాపు 430 కోట్ల కెనడా డాలర్లు. అంతకుముందు ఆ నిక్షేపం చేతిలో ఉన్న డైమండ్ ఫీల్డ్స్ అనే చిన్న కంపెనీ షేర్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళ జీవితాలే మారిపోయాయి.

అదే ఆశతో బ్రీ-ఎక్స్ అనే కెనడా కంపెనీలో పెట్టినవాళ్ళకి ఏమైందో కూడా తెలుసుకోవాలి. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో బ్రహ్మాండమైన బంగారు నిక్షేపం ఉందన్నారు, కంపెనీ విలువ 600 కోట్ల కెనడా డాలర్లు దాటింది, 1997లో బయటివాళ్ళు పరీక్షిస్తే శాంపిళ్ళలో బంగారం కలిపారని తేలింది. 2001లో కెనడా తెచ్చిన 43-101 నిబంధనల వెనక ఉన్న అనుభవం ఇదే. నిక్షేపం గురించి ఏం చెప్పినా అర్హత ఉన్న నిపుణుడు బాధ్యత తీసుకోవాలని అవి అంటాయి.

మోసం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది షేర్ల సంఖ్య. ఎందుకంటే ఇందులో ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు, అయినా మన డబ్బు కరిగిపోతుంది. ఉదాహరణకి 5 కోట్ల షేర్లున్న కంపెనీని షేరు 20 సెంట్లకి కొన్నామనుకోండి, మొత్తం విలువ కోటి డాలర్లు. డ్రిల్లింగ్ ఖర్చుల కోసం మళ్ళీ మళ్ళీ షేర్లు అమ్మి మూడేళ్ళలో వాటిని 20 కోట్లకి తెచ్చారు. ఈలోగా ఫలితాలు బాగానే వచ్చి కంపెనీ విలువ రెట్టింపై 2 కోట్లయింది. మన షేరు ధర? 10 సెంట్లు. అంచనా నిజమైంది, సగం డబ్బు పోయింది! పైగా ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌లో, అంటే మార్కెట్లో కాకుండా నేరుగా కంపెనీ దగ్గర కొత్త షేర్లు కొనేవాళ్ళకి, షేర్లతో పాటు తరచూ వారంట్లు (తర్వాత ముందే చెప్పిన ధరకి ఇంకొన్ని షేర్లు కొనే హక్కు) కూడా ఇస్తారు. కెనడాలో ఆ షేర్లు అమ్మకూడని నాలుగు నెలల గడువు తీరగానే వాళ్ళలో చాలామంది షేర్లు అమ్మేసి వారంట్లు దాచుకుంటారు, ఆ అమ్మకాల దెబ్బ మామూలుగా మార్కెట్లో కొన్నవాళ్ళ మీద పడుతుంది.

డ్రిల్ ఫలితాల్లోని అంకెలు కూడా జాగ్రత్తగా చదవాలి. "20 మీటర్లలో సగటున టన్నుకి 5 గ్రాముల బంగారం" అంటే బాగుంది అనిపిస్తుంది. కానీ ఒక్క మీటరులో 95 గ్రాములుండి, మిగతా 19 మీటర్లలో పావు గ్రాము చొప్పున ఉన్నా సగటు అంతే వస్తుంది. అది సన్నటి ఒక్క పొర, గని కాదు.

ఇక రెండో రకం. గనుల రాయల్టీ కంపెనీ ఫ్రాంకో-నెవాడా స్థాపకుల్లో ఒకరైన పియెర్ లసాండ్ పేరుతో, ఇలాంటి కంపెనీ షేరు ధర ఏ దశలో ఎలా కదులుతుందో చూపే ఒక గీత ఉంది. నిక్షేపం దొరికిందన్న వార్తకి షేరు ఎగురుతుంది, ఆ తర్వాత అధ్యయనాలు, అనుమతులు, నిధుల వేట సాగే ఏళ్ళలో కొత్త వార్తలు లేక నీరసించి పడిపోతుంది, గని కట్టడం ఖాయమయ్యాక మళ్ళీ లేస్తుంది. నా ఓటు ఆ మధ్యలోని నీరసపు కాలానికే. బంగారం ఉందా లేదా అన్న అతిపెద్ద ప్రశ్నకి అప్పటికే చాలావరకు జవాబు దొరికి ఉంటుంది, ధర మాత్రం ఆ మేరకు ఉండదు.

అలాగని ఇది భద్రం అనుకోవద్దు. ఈక్వెడార్‌లోని ఫ్రూటా డెల్ నార్టే నిక్షేపం 2006లో దొరికింది. కిన్‌రాస్ అనే పెద్ద బంగారు గనుల కంపెనీ దాన్ని 2008లో దాదాపు 120 కోట్ల కెనడా డాలర్లు పెట్టి కొంది, అక్కడి ప్రభుత్వంతో అదనపు లాభాల పన్ను మీద ఒప్పందం కుదరక చివరికి 2014లో 24 కోట్ల అమెరికా డాలర్లకి వదిలించుకుంది. బంగారం అక్కడే ఉంది, ఎటూ పోలేదు. ఆ చౌక ధరలో తీసుకున్న లుండిన్ వర్గం (గనుల వ్యాపారంలో ఉన్న లుండిన్ కుటుంబ కంపెనీలు) 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది, వాళ్ళ లుండిన్ గోల్డ్ షేరు తర్వాత ఎన్నో రెట్లు పెరిగింది. ఒకే నిక్షేపం, కొన్న సమయమూ ధరా వేరు, అంతే.

ఇంత టెన్షన్ వద్దనుకునేవాళ్ళకి రాయల్టీ కంపెనీలున్నాయి (గనికి ముందే డబ్బిచ్చి, తర్వాత దాని ఆదాయంలో వాటా తీసుకునేవి), చాలా గని కంపెనీల షేర్లు కలిపి కొనే జీడీఎక్స్‌జే లాంటి ఫండ్లున్నాయి. ఆ ఫండులో జూనియర్లన్న పేరే గానీ ఎక్కువ బరువు ఇప్పటికే బంగారం తీస్తున్న మధ్యస్థాయి కంపెనీలదే, కాబట్టి పదింతల లాభం అక్కడ ఆశించకూడదు.

మొదటి రకంలోనే పెడతాను అంటే ఒక లెక్క ముందు వేసుకోండి. పది కంపెనీల్లో సమానంగా పెట్టి తొమ్మిది సున్నా అయితే, పదోది పదింతలైనా మన అసలే వెనక్కి వస్తుంది. కాబట్టి పోయినా ఇల్లు గడవడానికి ఇబ్బంది లేని డబ్బే పెట్టాలి, దాన్నీ ఒకేసారి కాకుండా, కొంత అట్టిపెట్టుకుని మొదటి డ్రిల్ ఫలితాలు చూశాక పెట్టాలి.

ఏ రకమైనా నేను చూసేవి ఇవి: మొత్తం షేర్లు, వారంట్లు ఎన్ని, ఉన్న డబ్బు ఎన్ని నెలలకి సరిపోతుంది, యాజమాన్యం సొంత డబ్బు పెట్టిందా, రోజుకి ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయి. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. రోజుకి ఇరవై వేల షేర్లు మాత్రమే అమ్ముడయ్యే కంపెనీలో రెండు లక్షల షేర్లు కొంటే, చెడు వార్త వచ్చిన రోజు తెర మీద కనిపించే ధరకి వాటిని తీసుకునేవాళ్ళు ఉండరు.