రైల్లో తిండి: ఇంటి మూటా, పాంట్రీనా, సీటు దగ్గరికి ఆర్డరా?

కాశీ వెళ్లొచ్చామని స్టేటస్ పెట్టిన దగ్గర్నుంచి దర్శనం ఎలా అయిందని అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో, ట్రైన్‌లో తిండి సంగతి ఏం చేశారని అడిగినవాళ్లు మాత్రం బోలెడుమంది. పెద్దవాళ్లని తీసుకెళ్తున్నాం, రోజు దాటిన ప్రయాణం, ఇంట్లోంచే పట్టుకెళ్లాలా, పాంట్రీ వాడి దగ్గర, అంటే బండిలోనే భోజనం అమ్మేవాడి దగ్గర తీసుకోవాలా, ఫోన్‌లో ఆర్డర్ పెడితే నిజంగానే సీటు దగ్గరికి తెస్తారా... అందరిదీ ఇదే గోల. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా.

మేం నలుగురం, సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగాం, అదే పాత మొఘల్ సరాయ్, అక్కడ్నుంచి ఆటోలో కాశీ. నాన్నకి షుగర్, టైంకి తినకపోతే కాళ్లూ చేతులూ వణుకుతాయి. అమ్మ యాత్ర అంటే ఉల్లిపాయ కూడా ముట్టదు. మా ఆవిడ ఏం పెట్టినా తింటుంది, నేను బిర్యానీ పెడితే తింటా. ఇలాంటి బ్యాచ్‌తో వెళ్లేటప్పుడు రుచి, రేటు అని బేరీజు వేసుకుంటూ కూర్చుంటే పని జరగదు. రేట్లలో తేడా ఎంతని, మహా అయితే వందో రెండొందలో. రుచి అంటారా, ఆకలి రుచి ఎరగదని ఊరికే అన్లేదు. నేను చూసేది ఒక్కటే, అది వండి ఎన్ని గంటలైంది. నేను తినే టైంకి అది పొయ్యి మీంచి దిగి ఎంతసేపైంది అన్నది తెలిస్తే తినొచ్చో లేదో తేలిపోతుంది, తెలియకపోతే ఎంత ఘుమఘుమలాడినా దూరమే.

ముందు ఇంటి మూట. ఇందులో గొప్పతనమంతా వండిన టైం మనకి తెలియడంలోనే ఉంది. పొద్దున 5 గంటలకి కలిపిన పులిహోర ఎప్పటివరకు ఆగుతుందో మన అమ్మలకి చెప్పక్కర్లేదు. చింతపండు పులుపు, ఉప్పు, నూనె దండిగా పడ్డది కాబట్టి ఆగుతుంది, అదే నిమ్మకాయ పులిహోర అయితే సాయంత్రానికే చేదు తిరుగుతుంది, ఈ తేడా తెలియక మా చిన్నమ్మ ఒకసారి డబ్బా డబ్బా కిటికీలోంచి పారబోసింది. దద్దోజనానికి అమ్మ చేసే పద్ధతి వేరే, మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి ఒక్క స్పూన్ పెరుగు వేసి కలుపుతుంది, అది రైల్లోనే తోడుకుని మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది. ఇంట్లోనే పుల్లటి పెరుగు కలిపి తెచ్చారో కాజీపేట దాటేసరికే పళ్లు పులుస్తాయి. ఇడ్లీలైతే కారప్పొడి, నూనె రాసి పెట్టుకోండి, కొబ్బరి చట్నీ జోలికి మాత్రం వద్దు, అన్నిటికంటే ముందు పాడయ్యేది అదే. ఇంకోటి, వేడివేడిగా డబ్బాలో కుక్కి మూత బిగించొద్దు, ఆవిరంతా నీళ్లయి అడుగున చేరి అన్నం జిగురొస్తుంది. పళ్లెంలో ఆరబెట్టి, పూర్తిగా చల్లారాకే సర్దాలి. ఇది చెప్తే మా ఆవిడ, పొద్దున్నే ట్రైన్ పెట్టుకుని ఫ్యాన్ కింద అన్నం ఆరబెట్టుకుంటూ కూర్చోనా అంది, న్యాయమే, అందుకే ఆ రోజు ఇల్లంతా మూడున్నరకే లేచింది.

ఇంటి మూటతో చిక్కల్లా రెండో రోజు. మొదటి రోజు మధ్యాహ్నం, రాత్రి బ్రహ్మాండం. తెల్లారాక కూడా అదే పులిహోర తీస్తే, వాసన బాగానే ఉంది కదా తినెయ్ అంటారు పెద్దవాళ్లు, పారెయ్యడానికి మనసొప్పక. ఎండాకాలంలో స్లీపర్‌లో వెళ్తూ ఆ పని చెయ్యొద్దు. రెండో రోజుకి చేగోడీలు, సకినాలు, పల్లీ చిక్కీ, అరటిపళ్లు, ఇవి తప్ప మూటలో ఏదీ మిగలకూడదన్నది నా రూలు.

పాంట్రీ సంగతి. దీన్ని అందరూ తిడతారు గానీ నేను పూర్తిగా తిట్టను. మెయిల్, ఎక్స్‌ప్రెస్ బళ్లలో మామూలు వెజ్ భోజనం 80, గుడ్డు కూరతో 90, చికెన్ కూరతో 130, ఇవీ రైల్వే పెట్టిన రేట్లు. అంతకంటే ఎక్కువ అడిగితే బిల్లు ఇవ్వమనండి, బిల్లు ఇవ్వకపోతే డబ్బులు ఇవ్వక్కర్లేదని రైల్వేనే చెప్పింది, మరీ మొండికేస్తే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చెయ్యండి. బిల్లు అనే మాట వినగానే సగంమంది దారికొస్తారు, అయినా అసలు గొడవ రేటుది కాదు. ఆ అన్నం ఎక్కడ వండారు, ఎప్పుడు ఎక్కించారు అన్నది మనకి తెలియకపోవడం. బండిలోనే పొయ్యి పెట్టి అన్నీ అక్కడే వండుతారని చాలామంది అనుకుంటారు, చాలావరకు ఏదో స్టేషన్‌లో బేస్ కిచెన్‌లో వండి, ట్రేలలో ఎక్కించి, లోపల వేడి చేసి పంచుతారు. కాబట్టి ఆర్డర్ రాసుకోడానికి వచ్చిన అబ్బాయిని ఏముంది అని కాదు, ఎక్కడ ఎక్కుతుంది అని అడగాలి. భయ్యా, ఖానా కహా సే చఢేగా, అంతే. పలానా స్టేషన్‌లో ఎక్కుతుంది అన్నాడనుకోండి, అది ఎన్నింటికి వస్తుందో ఫోన్‌లో చూసుకుని, ఎక్కిన అరగంట గంటలో వస్తే తీసుకోండి. మొదటి ట్రిప్‌లో వచ్చిందే తినాలి, మిగిలినవి పట్టుకుని రెండోసారి తిరుగుతుంటారు చూడండి, అవి వద్దు. ఇప్పుడు ప్యాకెట్ల మీద క్యూఆర్ కోడ్ ఉంటోంది, స్కాన్ చేస్తే ఏ కిచెన్, ఎప్పుడు ప్యాక్ చేశారు అన్నది వస్తుంది, చాలామంది దాని వంక చూడను కూడా చూడరు. పాంట్రీలో నేను కళ్లు మూసుకుని తీసుకునేది బ్రెడ్ ఆమ్లెట్ ఒక్కటే, అది అప్పటికప్పుడు వేస్తారు కాబట్టి. అమ్మకి మాత్రం అది చూపించడానిక్కూడా లేదు.

ఇక సీటు దగ్గరికి ఆర్డర్, అదే ఐఆర్‌సీటీసీ ఈ-కేటరింగ్. పీఎన్ఆర్ కొడితే మన దార్లో ఏ స్టేషన్లలో ఏ హోటళ్లు ఉన్నాయో చూపిస్తుంది, ముందే కట్టొచ్చు, తెచ్చాక కూడా ఇవ్వొచ్చు, ఫోన్‌లో నొక్కుకోవడం రాని పెద్దవాళ్లకి 1323 అని నంబర్ ఉంది. స్విగ్గీ కూడా 2024 మార్చిలో దిగింది, మొదట బెంగళూరు, భువనేశ్వర్, విశాఖపట్నం, విజయవాడ స్టేషన్లలో. ఇవి కాకుండా గూగుల్‌లో వెతికితే అచ్చం ఇలాగే కనపడే సైట్లు బోలెడు తగులుతాయి, వాటిలో డబ్బులు కట్టకండి, ఐఆర్‌సీటీసీ సైటూ యాపూ లేదా వాళ్లతో ఒప్పందం ఉన్నవే చూసుకోండి.

నా లెక్క ప్రకారం ఇదే గెలవాలి, ఎందుకంటే మన బండి వచ్చే టైం చూసుకుని వండుతారు, పొయ్యి మీంచి మన ఒళ్లోకి గంట కూడా పట్టదు. నిజంగా అలా జరిగినప్పుడు దీనికి సాటి లేదు. కానీ బండి లేటైతే? రెండేళ్ల కిందట వేరే ప్రయాణంలో, ఊరు పేరు ఎందుకులెండి, రాత్రి 8కి రావాల్సిన స్టేషన్‌కి మా బండి పదింబావుకి చేరింది, హోటల్ వాడు టైంటేబుల్ చూసి వండేసి డబ్బాల్లో పెట్టి కూర్చున్నాడు. రేకు డబ్బా మూత తీస్తే అన్నం ముద్ద, పెరుగు చట్నీ పులిసిన వాసన, మొత్తం కుక్కలకి పెట్టాం. అంతకంటే ఘోరం ఏంటంటే ఆ రెండు గంటలూ నాన్న ఆర్డర్ పెట్టాం కదా అని ఇంకేమీ తినకుండా కూర్చున్నారు, చివరికి ఎదురు బెర్తు ఆయన రెండు బిస్కెట్లు ఇస్తే తిన్నారు. ఆ రోజు నుంచి నేను మూడు పనులు తప్పకుండా చేస్తున్నా. బండి కనీసం అయిదు నిమిషాలైనా ఆగే పెద్ద జంక్షన్‌కే ఆర్డర్ పెడతా, రెండు నిమిషాలు ఆగే చోట ఆ కుర్రాడు మన బోగీ వెతుక్కునేలోపు బండి కదులుతుంది. రెండు స్టేషన్ల ముందే హోటల్‌కి ఫోన్ చేసి, అన్నా బండి ఇంత లేటు, ఇప్పుడే వండకు అని చెప్తా, మన బండి లేటని వాళ్లకీ ఫోన్‌లో కనపడుతుంది గానీ చూసేది ఎంతమంది. ఇక మూడోది, తిండి వచ్చినా రాకపోయినా నాన్న టైం అయ్యేసరికి ఒక అరటిపండో నాలుగు చపాతీ ముక్కలో తినిపించేస్తా. ఆ, దోసె మాత్రం ఎప్పుడూ ఆర్డర్ పెట్టకండి, డబ్బాలో ఆవిరికి తడి గుడ్డలా అయిపోతుంది, రోటీ పప్పు, థాలీ లాంటివి తట్టుకుంటాయి.

ప్లాట్‌ఫాం మీద కొనుక్కోవడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. బల్లార్షా దాటాక మన టిఫిన్లు తగ్గిపోయి పోహా, సమోసా, ఆలూ పూరీల రాజ్యం మొదలవుతుంది. కళ్లముందు నూనెలోంచి తీస్తున్న పూరీ తినండి, అద్దాల పెట్టెలో ఉన్న సమోసా వద్దు. తొక్క తీసేవి, మరుగుతున్నవి ఎక్కడైనా భయం లేదు, అరటిపండు, ఉడికించిన గుడ్డు, టీ. కోసి పెట్టిన కీరా ముక్కలు ఎంత చల్లగా కనపడినా వద్దు. నీళ్లకి రైల్ నీర్ లీటరు సీసా 14 రూపాయలు, 2025 సెప్టెంబర్‌లో 15 నుంచి తగ్గించారు, ఇప్పటికీ 20 నోటు ఇస్తే చిల్లర లేదంటారు కాబట్టి చిల్లర దగ్గర పెట్టుకోండి. బోగీలో ఛార్జింగ్ పాయింట్‌లో కెటిల్ పెట్టి మ్యాగీ చేసుకోవచ్చా అని ఒకాయన అడిగాడు, కుదరదండీ, ఆ ప్లగ్గు ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మాత్రమే, కెటిల్ పెట్టడం నిషేధం, ప్రమాదం కూడా. వందే భారత్ వాళ్లకి ఈ గొడవే లేదు, టికెట్‌తోనే భోజనం కావాలో వద్దో పెట్టేస్తారు, ఎక్కువగా పగటి ప్రయాణాలే, అయిపోతుంది.

కాశీకి మేం చేసింది ఇదీ. మధ్యాహ్నం దద్దోజనం, ముందుగా పాడయ్యేది ముందు తినేయాలి కదా. సాయంత్రం నాగపూర్‌లో దిగి టీ, కమలాల బర్ఫీ, నాన్న ముక్క అడిగితే అమ్మ చూసిన చూపుకి నేనూ తినడం మానేశా. రాత్రికి పులిహోర, అక్కడితో మూట ఖాళీ. రెండో రోజు పొద్దున బోగీలో టీ, అరటిపళ్లు, నాకూ మా ఆవిడకీ ఆమ్లెట్. మధ్యాహ్నానికి ప్రయాగ్‌రాజ్ ఛివకీలో ఉల్లి, వెల్లుల్లి లేని థాలీలు నాలుగు ఆర్డర్ పెట్టా, బండి గంట లేటు, ఫోన్ చేసి చెప్పా, పప్పు పొగలు కక్కుతూ వచ్చింది. అమ్మ ముందు అనుమానంగా చూసింది, ఎవరు వండారో ఏంటో అని, తర్వాత రోటీ ఇంకోటి ఉందా అంది.

కాబట్టి నన్నడిగితే మొదటి రెండు పూటలూ ఇంటి మూటే, ఇందులో రెండో మాట లేదు. మూడో పూట నుంచి ఈ-కేటరింగ్, బండి మరీ లేటైతే పాంట్రీ. రెండు పూటలకంటే తక్కువ ప్రయాణమైతే ఇవేవీ ఆలోచించకండి, పులిహోర చేసుకుని వెళ్లిపోండి.

తిరుగు ప్రయాణానికి మూట ఎక్కడిది అని కూడా అడుగుతున్నారు. కేదార్ ఘాట్ చుట్టుపక్కల మనవాళ్లూ తమిళులూ నడిపే మెస్సులు ఉన్నాయి, ముందు రోజు రాత్రే చెప్పి పెడితే చేసిస్తారు. మేం నాలుగు పులిహోర పొట్లాలు చెప్పాం. పొద్దున తేవడానికి వెళ్తూంటే అమ్మ వెనకాలే వచ్చింది, ఎందుకమ్మా అంటే, ఎన్నింటికి కలిపారో అడగాలి కదా నువ్వు అడగవు అంది.