మిడ్ టవరా, మైక్రో క్యాబినెట్టా? ముందు టేబుల్ కొలవండి

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చిన దగ్గర్నుంచి కాలేజీలు తెరిచేదాకా నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఇదే. ఇంజినీరింగ్‌లో చేరబోయే పిల్లలు కొత్త కంప్యూటర్‌కి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ అన్నీ యూట్యూబ్ చూసి వాళ్ళే తేల్చుకుంటారు. ఇవన్నీ బిగించే డబ్బా, అంటే క్యాబినెట్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. "మిడ్ టవర్ తీసుకోమంటారా, మైక్రో ఏటీఎక్స్ సరిపోతుందా?" అని ఒకరు, "పెద్దదైతే చల్లగా ఉంటుంది కదండీ?" అని ఇంకొకరు. పక్కన నాన్నగారు ఉంటే ఆయన ప్రశ్న వేరు: "అంత పెద్ద డబ్బా ఇంట్లో ఎక్కడ పెడతావురా?"

ముగ్గురిలో సరైన ప్రశ్న అడిగింది నాన్నగారే.

క్యాబినెట్ సైజు గురించి మాట్లాడేవాళ్ళంతా మదర్‌బోర్డు సైజు దగ్గర మొదలుపెడతారు. అది తెలిసిందే. ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మి.మీ., మైక్రో ఏటీఎక్స్ 244 × 244, మినీ ఐటీఎక్స్ 170 × 170. మిడ్ టవర్ అంటే ఏటీఎక్స్ బోర్డు పట్టే క్యాబినెట్, మైక్రో అంటే మైక్రో ఏటీఎక్స్ బోర్డుకు చేసిన చిన్నది. పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు పడుతుంది, చిన్నదాంట్లో పెద్దది పట్టదు. కాబట్టి పెద్దది కొంటే ఏ గొడవా లేదనిపిస్తుంది. నిజానికి మన దగ్గర, అంటే మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలైపోయిన విజయవాడలో, గుంటూరులో, ఆ డబ్బా టేబుల్ మీద ఉంటుందా, నేల మీద ఉంటుందా అన్నదే అన్నిటికన్నా ముఖ్యం. బోర్డు సంగతి ఆ తర్వాత.

ఎందుకో చెబుతాను. నేల మీద పెట్టిన క్యాబినెట్‌కి రోజూ పొద్దున చీపురు తగులుతుంది, తర్వాత తడిగుడ్డ తగులుతుంది. ఊడ్చేటప్పుడు లేచే దుమ్ము, వెంట్రుకలు, పంఖా గాలికి గది మూలలకు చేరే నూగు, అన్నీ కింది నుంచే లోపలికి పోతాయి. ఇప్పటి క్యాబినెట్లలో చాలావాటికి లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ అడుగున ఉంటుంది, దాని ఫ్యాన్ కిందికి చూస్తూ గాలి లాగుతుంది. కాళ్ళ ఎత్తు ఓ రెండు సెంటీమీటర్లు ఉంటే ఎక్కువ. అంటే మీ ఎస్‌ఎంపీఎస్ పీల్చేది నేల మీది గాలే. అడుగున ఫిల్టర్ ఉంటుంది, కాదనను. కానీ చాలావాటిలో దాన్ని తీయాలంటే వైర్లన్నీ పీకి డబ్బాని వంచాలి, అందుకే ఏడాదిలో ఒక్కసారి కూడా ఎవరూ తీయరు. టేబుల్ మీద ఉన్నదానికి ముందు జాలీ మీద దుమ్ము పేరుకుంటే ఆ సాయంత్రమే కంట్లో పడుతుంది, చేయి దానంతటదే గుడ్డ కోసం వెళుతుంది. ఇక చీమలు, బల్లులు. సర్వీసు చేసేవాళ్ళని అడగండి, నేల మీది సిస్టమ్ విప్పితే ఏమేం బయటపడతాయో కథలు కథలుగా చెబుతారు.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్టులో బల్ల కింద పెట్టిన సిస్టమ్‌ని సీజన్‌లో విప్పడం చూశాను. ముందు ఫిల్టర్ బయటికి లాగేసరికి అది నల్లగానో బూడిద రంగులోనో లేదు, ఇటుకపొడి రంగులో ఉంది. కుర్రాడు బ్లోయర్ ఆన్ చేయగానే గదిలో ఉన్న నలుగురం తుమ్ముకుంటూ రోడ్డు మీదికి వచ్చేశాం. అదే కొట్టులో గల్లాపెట్టె పక్కన, బల్ల మీద ఇంకో సిస్టమ్ ఉంది. దాని ఫిల్టర్ మీదా ఎర్రదుమ్ము ఉంది గానీ, వెనక వెలుతురు పెడితే జాలీ కన్నాలు కనిపిస్తున్నాయి. కింద ఉన్నదానికి కన్నాలే లేవు, అట్ట కట్టేసింది.

ఇప్పుడు సైజుల్లోకి వద్దాం. మిడ్ టవర్లలో అందరికీ తెలిసిన కోర్సెయిర్ 4000డీ తీసుకుంటే లోతు 45.3 సెం.మీ., ఎత్తు 46.6, వెడల్పు 23. మైక్రో ఏటీఎక్స్‌లో కూలర్ మాస్టర్ క్యూ300ఎల్ లోతు 38.7, ఎత్తు 38.1, వెడల్పు అదే 23. టేబుల్ మీద అడ్డంగా తినే చోటు రెండిటికీ ఒకటే, తేడా అంతా లోతులో, ఎత్తులో. మన ఇళ్ళల్లో చదువుకునే బల్లలు చాలావరకు అడుగున్నర లోతువి, అంటే సుమారు 45 సెం.మీ. మిడ్ టవర్ దాని మీద అంచు నుంచి అంచు దాకా వస్తుంది, వెనక వైర్లు గుచ్చితే ముందుకు పొడుచుకొస్తుంది. గోడకు ఆనించి తోస్తే వెనక ఫ్యాన్ వేడిగాలి గోడకు కొట్టుకుని మళ్ళీ లోపలికే వస్తుంది. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు "కింద పెట్టెయ్ రా, అడ్డంగా ఉంది" అంటారు, అది నేల మీదికి దిగుతుంది. మైక్రో అయితే అదే బల్ల మీద సర్దుకుంటుంది, వైర్లకు వెనక ఆరు సెంటీమీటర్లు మిగులుతాయి. రెండడుగుల లోతు టేబుల్ ఉన్నవాళ్ళకు ఈ ఇబ్బంది లేదు, వాళ్ళు ఏదైనా కొనుక్కోవచ్చు.

కంప్యూటర్ టేబుల్ కింద పక్కగా సీపీయూ కోసమని ఒక అర ఇస్తారు చూడండి, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అది ఒకప్పటి సన్నటి క్యాబినెట్ల కొలత. 23 సెం.మీ. వెడల్పువి చాలా అరల్లో దూరనే దూరవు. దూరినా మూడు వైపులా చెక్క, ఆ డబ్బాలో వేడి బయటికి పోదు.

మరి "పెద్దదైతే చల్లగా ఉంటుంది" అన్నది? లోపల ఖాళీ ఎక్కువుంటే చల్లదనం రాదు. గాలి ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది అన్నదే లెక్క. ముందు నిలువెత్తు గాజు పలక బిగించి, పక్కన సన్నటి సందు వదిలిన మిడ్ టవర్ కంటే ముందంతా జాలీ ఉన్న మైక్రో చల్లగా నడుస్తుంది. ముందు లోపలికి లాగే 120 మి.మీ. ఫ్యాన్లు రెండు, వెనక బయటికి తోసేది ఒకటి ఉంటే మామూలు గేమింగ్ సిస్టమ్‌కి చాలు. లాగేవి ఎక్కువ, తోసేవి తక్కువ ఉంటే లోపల గాలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉండి, దుమ్ము సందుల్లోంచి కాకుండా ఫిల్టర్ల గుండానే రావాల్సి వస్తుంది. షాపులో పైన రెండు, వెనక ఒకటి తోసేవి పెట్టి, ముందు రంగుల లైట్లున్న ఒక్క ఫ్యాన్ పెట్టి ఇస్తుంటారు. దాన్ని మార్చమనండి, మొహమాటపడకండి.

ఏ క్యాబినెట్ అయినా గది వేడిని తగ్గించలేదు. గది 25 డిగ్రీలున్నప్పుడు 70 చూపించే గ్రాఫిక్స్ కార్డు, అదే పని చేస్తూ, ఫ్యాన్లు అదే వేగంతో తిరుగుతుంటే గది 38 ఉన్నప్పుడు 83 దగ్గర ఉంటుంది. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో ఆడేవాళ్ళకు ఆ పదమూడు డిగ్రీలు తప్పవు. దాని మీద ఫిల్టర్ పూడుకుపోయి వచ్చే ఇంకొన్ని డిగ్రీలు ఎందుకు కలపడం? అందుకే నేను దుమ్ము గురించి ఇంత సాగదీస్తున్నాను.

ఈ మధ్య మా మేనల్లుడికి సిస్టమ్ కట్టించినప్పుడు మైక్రోనే తీసుకున్నాం. వాడికి మిడ్ టవర్ మీద మోజు, "తర్వాత పెద్ద బోర్డు వేసుకోవచ్చు కదా మావయ్యా" అని వాదన. ఏటీఎక్స్ బోర్డుకు కార్డులు గుచ్చే స్లాట్లు ఏడింటికి చోటుంటే మైక్రోకి నాలుగే, నిజమే. కానీ వాడేది గ్రాఫిక్స్ కార్డు ఒకటి, మహా అయితే వైఫై కార్డు ఒకటి. నాలుగేళ్ళ తర్వాత ప్రాసెసర్ మార్చినా బడ్జెట్ బోర్డుల్లో ఎక్కువ దొరికేవి మైక్రో ఏటీఎక్స్‌వే. రేపెప్పుడో వేస్తామనుకునే పెద్ద బోర్డు కోసం ఇవాళ బల్ల వదులుకోవడం దేనికి?

మైక్రో తీసుకునేవాళ్ళు మాత్రం కొలతలు చూడకుండా డబ్బులివ్వకండి. గ్రాఫిక్స్ కార్డు పొడవు, ప్రాసెసర్ మీద బిగించే కూలర్ ఎత్తు చూడాలి. డీప్‌కూల్ ఏకే400 కూలర్ 155 మి.మీ. ఎత్తు, ఇది చాలా మైక్రో క్యాబినెట్లలో పడుతుంది. నాక్టువా డీ15 లాంటి 165 మి.మీ. వాటికి చాలావరకు మిడ్ టవరే దిక్కు. ద్రవంతో చల్లబరిచే లిక్విడ్ కూలర్‌ని ముందు భాగంలో బిగించాలనుకుంటే రేడియేటర్ 27, ఫ్యాన్ 25, కలిపి 52 మి.మీ. కార్డుకు ఇచ్చిన పొడవులోంచి పోతాయి. పెట్టె మీద 360 మి.మీ. అని రాసి ఉన్నది అప్పుడు 308 అవుతుంది. మందపాటి మూడు స్లాట్ల కార్డు అయితే దాని ఫ్యాన్లకూ అడుగునున్న ఎస్‌ఎంపీఎస్ కవరుకూ మధ్య ఎంత ఖాళీ మిగులుతుందో కూడా చూడండి. అక్కడ వేలు పట్టకపోతే ఆ కార్డు ఊపిరాడక అరుస్తుంది.

మిడ్ టవర్ తప్పనిసరి అయినవాళ్ళు ఉన్నారు. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల సంగతి చూడండి. మాఘమాసంలో వరసబెట్టి ముహూర్తాలు, ఒక్కో పెళ్ళికి వందల జీబీల ఫుటేజీ, ఏడాది తర్వాత "మా ఆల్బమ్ మళ్ళీ ఇస్తారా" అని ఫోన్లు. వాళ్ళకు హార్డ్‌డిస్కులు నాలుగైదు లోపలే ఉండాలి. కానీ జాగ్రత్త, పెద్దది కదా అని డిస్కులకు చోటుంటుందనుకోకండి. పైన చెప్పిన 4000డీలో కూడా మూడున్నర అంగుళాల డిస్కులకు ఇచ్చినవి రెండు అరలే. స్టూడియోవాళ్ళు క్యాబినెట్ పేరు కాదు, అరల సంఖ్య చూసి కొనాలి. 360 మి.మీ. రేడియేటర్ కావాలన్నవాళ్ళు, ఆర్‌టీఎక్స్ 4090 అంత పెద్ద గ్రాఫిక్స్ కార్డులు పెట్టేవాళ్ళు కూడా మిడ్ టవరే తీసుకోండి, వాదించను.

మినీ ఐటీఎక్స్ చూడముచ్చటగా ఉంటుంది. కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 క్యాబినెట్ మొత్తం పరిమాణం పద్దెనిమిది లీటర్ల చిల్లర, సంచీలో పెట్టుకుని చెన్నై హాస్టల్‌కి రైల్లో తీసుకెళ్ళొచ్చు. అయితే బోర్డు ధర ఎక్కువ, చిన్న ఎస్‌ఎఫ్‌ఎక్స్ ఎస్‌ఎంపీఎస్ ధర ఎక్కువ, ర్యామ్ స్లాట్లు రెండే. ఎస్‌ఎంపీఎస్ పోతే విజయవాడ గవర్నర్‌పేటలో సాయంత్రానికల్లా ఇంకోటి దొరుకుతుందన్న భరోసా లేదు. ఏసీ గదైతే సరే. అంతంత తిరిగేవాళ్ళకైతే ల్యాప్‌టాప్ ఉండనే ఉంది.

మిడ్ టవర్ కన్నా పెద్దదైన ఫుల్ టవర్ మనలో ఎవరికీ అక్కర్లేదు. ఇక ముందూ పక్కా గాజుతో ఆక్వేరియంలా ఉండే క్యాబినెట్లు 27, 28 సెం.మీ. వెడల్పు ఉంటాయి, చాలావాటికి ఫ్యాన్లు విడిగా కొనాలి, దుమ్ము పడితే అందరికన్నా ముందు వీటిలోనే కనిపిస్తుంది. రీల్స్ చేసేవాళ్ళు తీసుకోవచ్చు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్ వైపు కింది అంతస్తులు మునిగిపోయాయి, అంత నీటికి బల్ల మీద ఉన్నా కింద ఉన్నా ఒకటే. ఆ తర్వాత నన్ను క్యాబినెట్ గురించి అడిగిన ఒకాయన మొదటి ప్రశ్న "ఒక్కడినే మేడ మీదికి మోసుకెళ్ళగలనా?" అని. ఖాళీ మిడ్ టవరే ఎనిమిది కిలోల దగ్గర తూగుతుంది, అన్నీ బిగించాక పన్నెండు దాటొచ్చు. ఆయనకూ మైక్రోనే చెప్పాను.

అన్నీ చూసి మిడ్ టవరే కావాలి, బల్ల మీద చోటు లేదు అన్నవాళ్ళు నేల మీద నేరుగా పెట్టకుండా చక్రాల స్టాండు ఒకటి కొనుక్కోండి. ఊడ్చేటప్పుడు పక్కకు జరపొచ్చు, అడుగు ఫిల్టర్ లాగడానికీ వీలుంటుంది. పలక మూసుకున్నది కాకుండా మధ్యలో ఖాళీ ఉన్న స్టాండే చూసుకోండి, లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌కి గాలి అందదు. ఇక "క్యాబినెట్‌తో ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ" అని షాపులో అంటే, గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్‌కి అది వద్దని చెప్పి, మంచిది విడిగా బిల్లు వేయించుకోండి.