ప్లాటినం ఓఆర్‌పీ ప్రోబ్, మూడు నెలలు వాడాక

సల్ఫైడ్ ఖనిజాల ఫ్లోటేషన్ (గాలి బుడగలతో ఖనిజాన్ని తేల్చి వేరుచేయడం) టెస్టులకి ఈ డబుల్ జంక్షన్ ప్రోబ్ తీసుకున్నా, అంటే లోపలి రిఫరెన్స్‌కీ బయటి ద్రవానికీ మధ్య రెండు అడ్డులున్నది. ఇప్పుడు పల్ప్ (ఖనిజం పొడి, నీళ్ల మిశ్రమం) పొటెన్షియల్, అంటే ఓఆర్‌పీ (ఆక్సీకరణ-క్షయకరణ పొటెన్షియల్), చూడకుండా జాంథేట్ (ఖనిజాన్ని బుడగలకి అతుక్కునేలా చేసే రసాయనం) వేయడం నా వల్ల కాదు. జాంథేట్ ఊరికే అతుక్కోదు కదా, ఖనిజం మీద ఒకచోట ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు తీసుకుంటుంటే ఇంకోచోట జాంథేట్ వాటిని వదులుతుంది, అలా పైరైట్ (ఇనుము సల్ఫైడ్) మీద డైజాంథోజెన్ (రెండు జాంథేట్లు కలిసి అయ్యేది), గెలీనా (సీసం సల్ఫైడ్) మీద లెడ్ జాంథేట్ వస్తాయి. స్టీల్ బాల్స్‌తో గ్రైండ్ చేసిన పల్ప్ పోయగానే రీడింగ్ బాగా కిందికి ఉంటుంది, గాలి వదిలాక మెల్లగా ఎక్కుతుంది, అది చూస్తుంటే భలే ఉంటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. ప్లాటినం మీద పూత పడి రీడింగ్ నెమ్మదిస్తుంది, నేనైతే వారానికోసారి అల్యూమినా పౌడర్‌తో రుద్దుతున్నా. సోడియం సల్ఫైడ్ వాడేవాళ్లు సింగిల్ జంక్షన్ అస్సలు కొనొద్దు, లోపలి సిల్వర్ నల్లబడిపోతుంది, నా పాతది అలాగే పోయింది. రిఫరెన్స్ (పోల్చి కొలవడానికి ప్రోబ్‌లో ఉండే ఎలక్ట్రోడ్) సిల్వర్-సిల్వర్ క్లోరైడ్, లోపల సాచురేటెడ్ పొటాషియం క్లోరైడ్, కాబట్టి హైడ్రోజన్ స్కేలుకి (ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌ని సున్నాగా తీసుకునే కొలతకి) మార్చాలంటే 25 డిగ్రీల దగ్గర దాదాపు 197 మిల్లీవోల్టులు కలపాలి, మాన్యువల్‌లో ఇది పెద్ద అక్షరాల్లో రాయాల్సింది. ఇంకోటి, ప్లాటినం చెప్పేది పల్ప్ సంగతే, చాల్కోపైరైట్ (రాగి-ఇనుము సల్ఫైడ్) ఉపరితలం పొటెన్షియల్ వేరేగా ఉండొచ్చు, అది కావాలంటే ఆ ఖనిజం ముక్కతోనే ఎలక్ట్రోడ్ చేసుకోవాలి.