పెళ్లి ఫొటోలు ముఖం చూసి ఏరిపెట్టే యాప్: వెతకడానికి నాలుగున్నర స్టార్లు, మిగతాదానికి ఒకటి

మాఘమాసంలో తెనాలిలో మా వదిన వాళ్ల తమ్ముడి పెళ్లయింది. ఫొటోగ్రాఫర్ ప్యాకేజీలో ఆల్బమ్‌తో పాటు ఒక ఏఐ యాప్ కూడా ఇచ్చాడు. దాని పేరు చెప్పను, ఇలాంటివి చాలానే వచ్చాయి. భోజనాల హాలు గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ బోర్డు పెట్టారు. స్కాన్ చేసి, ఓటీపీ కొట్టి, సెల్ఫీ ఇస్తే మనం ఉన్న ఫొటోలన్నీ ఫోన్‌లోకి వచ్చేస్తాయి.

ముందు మంచి చెప్తాను. ఆరు వేల పైచిలుకు ఫొటోల్లోంచి నావి 143 క్షణాల్లో ఏరి ఇచ్చింది. హోమం పొగలో సగమే కనిపించే ముఖం, వెనక వరుసలో బొబ్బట్టు నోట్లో కుక్కుకుంటున్న ముఖం, ఏదీ వదల్లేదు. "మా ఫొటోలు పంపనే లేదు" అని బంధువులు ఏడాది పాటు పడే నిష్ఠూరం మా వదినకి తప్పింది. తమాషా ఏంటంటే పెళ్లికొడుకుని మాత్రం సరిగ్గా పట్టలేకపోయింది, బాసికం కట్టిన దగ్గర్నుంచి వాడి ఫొటోలు సగం వాడికే రాలేదు.

సెల్ఫీ అన్నారు కదా, కెమెరా ముందు నిలబడాలేమో అనుకున్నాను. కాదు, గ్యాలరీలోంచి అప్‌లోడ్ చేసే బటన్ కూడా ఉంది. సరే చూద్దామని మా అక్క వాట్సాప్ డీపీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టాను. అక్క ఫొటోలన్నీ వరసగా దిగిపోయాయి, విడిదింట్లో చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నవి కూడా. చూపిస్తే "ఒరేయ్, నా డీపీ ఉన్నవాడెవడైనా ఇలా తీసుకోవచ్చా?" అంది. కోడ్ బోర్డు మీద ఉంది, లింకు మూడు ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతోంది, కాబట్టి తీసుకోవచ్చు.

దానికంటే కడుపులో దేవినట్టయింది 'మీ ఇతర ఫంక్షన్లు' అనేది నొక్కినప్పుడు. రెండేళ్ల కిందట గుంటూరులో స్నేహితుడి కూతురి ఓణీల ఫంక్షన్‌కి వెళ్లాను, ఆ ఫొటోలు అందులో ఉన్నాయి. ఆ రోజు నేను ఏ కోడూ స్కాన్ చెయ్యలేదు, సెల్ఫీ దిగలేదు, కానీ స్టూడియో అదే. అంటే నా ముఖాన్ని నన్నడక్కుండా అప్పుడే కొలిచి పెట్టుకుంది. ఆలోచిస్తే ఇది పనిచేసేదే అలా. ప్రతి ముఖాన్నీ కొన్ని వందల అంకెలుగా మార్చి, నా సెల్ఫీ అంకెలతో పోల్చి చూస్తుంది. నన్ను వెతకాలంటే పెళ్లికొచ్చిన అందరినీ కొలవాలి, వంటవాళ్లనీ, సన్నాయి వాయించేవాళ్లనీ, మంటపం చుట్టూ పరిగెత్తే పిల్లల్నీ. 'ఐ అగ్రీ' నొక్కింది మాత్రం నేను. అది కూడా పేజీలకి పేజీల ఇంగ్లీషు చదవకుండా.

మన 2023 డేటా రక్షణ చట్టంలో దీనికి కొంత జవాబుంది. స్పష్టమైన సమ్మతి తీసుకోవాలి, నోటీసు తెలుగులో కూడా చదువుకునే వీలుండాలి, 18 ఏళ్ల లోపు పిల్లలకైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి, జరిమానా 250 కోట్ల దాకా వెయ్యొచ్చు. ఇంట్లోవాళ్లు సొంతానికి వాడుకుంటే చట్టం వర్తించదు కాబట్టి మా వదిన వాళ్లకి టెన్షన్ లేదు, యాప్ కంపెనీ చేసేది వ్యాపారం, అది తప్పించుకోలేదు. కాకపోతే రూల్స్ వచ్చిందే 2025 నవంబరులో, అసలు బాధ్యతలు మొదలయ్యేది 2027 మేలో. ఈలోపు ఎన్ని పెళ్లిళ్ల సీజన్లో లెక్కేసుకోండి.

నా అసలు పేచీ వేరే. డేటా రక్షణ చట్టం కోసం కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018 ముసాయిదాలో ముఖం, వేలిముద్రల్లాంటి వాటిని సున్నితమైన డేటాగా విడిగా పెట్టారు, ఎక్కువ రక్షణ ఇచ్చారు. 2023 చట్టంలో ఆ గీత చెరిపేశారు. పైగా సమ్మతి వెనక్కి తీసుకుంటే డేటా తుడిచెయ్యమంటుంది గానీ, దాంతో ట్రెయినింగ్ ఇచ్చిన మోడల్, అంటే ముఖాలు గుర్తుపట్టడం నేర్చుకున్న ఏఐ ప్రోగ్రామ్, ఏమవ్వాలో ఒక్క మాట లేదు. అమెరికాలో ఎవర్ఆల్బమ్ అనే కంపెనీ ఫొటో యాప్ కేసులో, అకౌంట్ తీసేసినవాళ్ల ఫొటోలు కూడా దాచుకుంటోందని తేలాక, 2021లో అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఫొటోలతో పాటు ముఖాల కొలతల్నీ, వాటితో తయారైన మోడళ్లనీ తీసెయ్యమంది. చట్టంలో మనకి కావాల్సింది అది. ఇంకోటి, స్కాన్ చెయ్యనివాళ్ల కొలతలు ఫంక్షన్ అయిన నెలకో రెండు నెలలకో వాటంతటవే పోవాలి, అడుక్కునే పని ఉండకూడదు.

ఎందుకంటే అడిగి చూశాను. నా ఫొటోలూ ముఖం కొలతా తీసెయ్యమని మెయిల్ పెడితే పదకొండో రోజున "మీ ఫొటోలు తొలగించాం, ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. మరి కొలత సంగతేంటని మళ్లీ రాస్తే టెక్నికల్ టీమ్‌కి పంపామన్నారు. నిన్న అనుమానమొచ్చి కొత్త నంబరుతో లాగిన్ అయి సెల్ఫీ ఇచ్చాను. తెనాలివి రాలేదు. గుంటూరువి వచ్చాయి.